ఆటగాడి నోట పలికే మాట

రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే ఆటగాడు ఒక పాత్రను తనదిగా స్వీకరించి, దాని శక్తిసామర్థ్యాలను పెంచుకుంటూ, దాని తరఫున నిర్ణయాలు తీసుకుంటూ కథను నడిపించే వీడియో గేమ్. ఆడేవారు దీన్ని పొట్టిగా ఆర్‌పీజీ అంటారు. ఇలాంటి ఆటకు సంభాషణలు రాయడానికి పూనుకున్న రచయితలు తమ రాత చప్పగా ఉందన్న మాట వినగానే సాధారణంగా వాక్యాల మీద పడతారు: విశేషణాలు తగ్గిస్తారు, చమత్కారాలు చేరుస్తారు, పాత్రలకు ఏదో ఒక యాస తగిలిస్తారు, ఇంత చేసినా సంభాషణకు ప్రాణం రాకపోతే తమకు ఆ ప్రతిభ లేదనుకుని నిరుత్సాహపడతారు. ఆ నిరుత్సాహానికి కారణం లేదు. ఆర్‌పీజీలలో కనిపించే బలహీన సంభాషణల్లో భాష చేతకాక చెడినవి తక్కువ. మాటకు ఆటలో ఏ పని అప్పగించాలో తేల్చుకోకముందే రాయడం మొదలుపెట్టినందువల్ల చెడినవే ఎక్కువ. ఇది నేర్చుకుంటే అబ్బే విద్య.

నాటకంలోనైనా నవలలోనైనా రెండు పాత్రలు మాట్లాడుకుంటుంటే మూడో మనిషి పక్కనుండి వింటాడు. ఆర్‌పీజీలో ఆ మూడో మనిషికి చోటు లేదు, వినవలసినవాడే మాట్లాడుతున్నాడు. తలుపు తెరవడం, కత్తి దూయడం ఎలా ఆటగాడు చేసే పనులో, తెరమీది వాక్యాల్లోంచి ఒకదాన్ని ఎంచుకుని తన పాత్ర చేత పలికించడం కూడా అలాగే అతడు చేసే పని. ఆ పనికి ఒక ఉద్దేశం, ఒక రిస్కు, ఒక ఫలితం ఉన్నప్పుడు సాదాసీదా వాక్యం కూడా నిలబడుతుంది. అవి లేనప్పుడు ఎంత చక్కని వాక్యమైనా బటన్ నొక్కి దాటేసే అక్షరాల గుంపుగా మిగిలిపోతుంది. సంభాషణలోని లోపాలను గుర్తించడానికైనా, దిద్దుకోవడానికైనా ఈ ఒక్క సూత్రం చాలా దూరం తోడు వస్తుంది.

ఖర్చు లేని ప్రశ్నలు

ఆర్‌పీజీ సంభాషణ మొదటి నుంచీ సమాచార అవసరంతో ముడిపడి పెరిగింది. 1985లో రిచర్డ్ గారియట్ రూపొందించగా ఆరిజిన్ సిస్టమ్స్ విడుదల చేసిన అల్టిమా 4లో ఎదుటివారితో మాట్లాడాలంటే ఆటగాడు ఒక్కొక్క పదాన్ని టైపు చేయాలి. పేరు, వృత్తి, ఆరోగ్యం అన్న పదాలకు జవాబు దొరుకుతుంది, ఆ జవాబుల్లో దొర్లిన మరో పదాన్ని పట్టుకుని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఒక్కొక్క పౌరుడికి దక్కిన వాక్యాలు చాలా కొద్ది. అయినా అక్కడ మాట్లాడటం ఒక పనిగానే అనిపిస్తుంది, ఎందుకంటే ఏ పదం అడగాలో కనిపెట్టవలసింది ఆటగాడే. పైగా కొందరు ఎదురు ప్రశ్న వేసినప్పుడు అతడు గొప్పలు చెప్పుకుంటే ఆట లెక్కగట్టే సద్గుణాల్లో వినయం తరిగిపోతుంది.

ఆ తర్వాత స్థిరపడిన పద్ధతిని డైలాగ్ ట్రీ, అంటే సంభాషణ వృక్షం అంటారు. ఎదుటి పాత్ర ఒక మాట అంటుంది, ఆటగాడికి మూడు నాలుగు జవాబులు తెర మీద కనిపిస్తాయి, ఎంచుకున్న జవాబును బట్టి మాట వేరే కొమ్మలోకి మళ్ళుతుంది. ఇంటర్‌ప్లే సంస్థ 1997లో తెచ్చిన ఫాలౌట్, బయోవేర్ సంస్థ 1998లో తెచ్చిన బాల్డర్స్ గేట్ ఈ పద్ధతికి మంచి నమూనాలు. అయితే ఈ సౌకర్యంతో పాటు ఒక దురలవాటు కూడా పాతుకుపోయింది. సంభాషణ మధ్యలో ఒక కూడలి ఏర్పరచి, దాని చుట్టూ ఊరి గురించి చెప్పు, రాజు గురించి చెప్పు, యుద్ధం గురించి చెప్పు అంటూ ప్రశ్నలను పేర్చడం ఆ దురలవాటు. ఆటగాడు వాటిని పద్దుల పుస్తకంలో టిక్కులు పెట్టినట్లు పైనుంచి కిందికి ఒక్కొక్కటే నొక్కుకుపోతాడు. ఏది ముందు అడిగినా, ఏది వెనక అడిగినా తేడా ఉండదు. అడిగినందుకు ఏమీ ఖర్చు కాదు. జవాబిచ్చే మనిషికి విసుగు రాదు, అనుమానం కలగదు, ఈ అపరిచితుడు ఇన్ని ప్రశ్నలు ఎందుకు వేస్తున్నాడన్న ఆలోచన కూడా రాదు. 2002లో వచ్చిన మారోవిండ్‌లో ఈ ధోరణి స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ సంభాషణలోని ముఖ్య పదాలు లింకులుగా మారతాయి, ఒకే పదాన్ని వేర్వేరు మనుషుల దగ్గర నొక్కితే చాలాచోట్ల అక్షరం పొల్లుపోకుండా అదే పేరా వస్తుంది. ఆ ఆట సృష్టించిన ప్రపంచపు లోతు మెచ్చుకోదగినదే, దాని చరిత్రలు, మతాలు, రాజకీయాలు శ్రద్ధగా చదవదగినవే. కాని వాటిని మోయడానికి మనుషులను వాడుకున్నందువల్ల ప్రపంచం బరువెక్కిన మేరకు మనుషులు పలచబడ్డారు.

దీనికి విరుగుడు సమాచారాన్ని తగ్గించడంలో లేదు, సమాచారానికి ధర పెట్టడంలో ఉంది. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2015లో విడుదల చేసిన ది విచర్ 3లో బ్లడీ బ్యారన్ అని పిలిచే ఫిలిప్ స్ట్రెంగర్ ఘట్టాన్ని ఈ దృష్టితో ఎన్నిసార్లు పరిశీలించినా కొత్తగా నేర్చుకునేది ఉంటుంది. కథానాయకుడు గెరాల్ట్‌కు సిరి అనే యువతి జాడ కావాలి, ఆ జాడ బ్యారన్‌కు తెలుసు, బ్యారన్‌కేమో కనిపించకుండా పోయిన భార్య, కూతురు కావాలి. ఒకరికి కావలసింది మరొకరి దగ్గర ఉంది కనుక మాట బేరంగా మొదలవుతుంది. బ్యారన్ తన ఇంటి సంగతి పూర్తిగా చెప్పడు. గెరాల్ట్ ఆ ఇల్లంతా వెతికి, అక్కడ జరిగిన హింస ఆనవాళ్ళు చూసి తిరిగి వచ్చాక జరిగే సంభాషణలో మొదట బ్యారన్ దాచిన నిజం బయటికి వస్తుంది. ఆ నిజం అతణ్ణి అసహ్యించుకునేలా చేస్తుంది, అదే సమయంలో జాలి పడేలా కూడా చేస్తుంది. ఇక్కడ ఆటగాడికి అందిన సమాచారం ఏ ప్రశ్నల జాబితా కన్నా తక్కువ కాదు, కాని ప్రతి ముక్కనూ అతడు సంపాదించుకున్నాడు.

ఈ నేర్పును అలవరచుకోవడానికి ఒక చిన్న కట్టుబాటు ఉపకరిస్తుంది. ఎన్‌పీసీ అని పిలిచే, కంప్యూటర్ నడిపే ఏ పాత్రకైనా మొదటి వాక్యం రాసే ముందే ఆ మనిషికి ఆటగాడి నుంచి ఏం కావాలి, అతడు ఏ సంగతి బయటపెట్టడు, ఆటగాడు మధ్యలో లేచి వెళ్ళిపోతే ఏం చేస్తాడు అన్న వాటికి జవాబులు విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. వీటిలో దేనికీ జవాబు దొరకని పాత్రకు సంభాషణ అక్కర్లేదు, ఒక సూచిక బోర్డు సరిపోతుంది. ఉదాహరణకు గోదావరి రేవులో పడవ నడిపే ఒక పెద్దాయన పాత్రను అనుకుంటే, మొదటి చిత్తు చాలామంది చేతిలో ఇలా తయారవుతుంది:

"స్వాగతం బాటసారీ! ఇది పాత రేవు. అవతల కనిపించేది లంక. పదేళ్ళ కిందట పెద్ద వరద వచ్చినప్పటి నుంచి అక్కడ ఎవరూ ఉండటం లేదు. రాత్రిళ్ళు దీపాలు కనిపిస్తాయని జనం చెప్పుకుంటారు. పడవ కావాలంటే పది నాణేలు ఇవ్వాలి."

దీని కింద లంక గురించి, వరద గురించి, దీపాల గురించి మూడు ప్రశ్నలు, పడవ కావాలన్న నాలుగో వాక్యం ఉంటాయి. వాక్యాల్లో వ్యాకరణ దోషం లేదు, కావలసిన సమాచారమంతా ఉంది, అయినా అక్కడ మనిషి లేడు. ఇప్పుడు ఆ పెద్దాయన తమ్ముడు నిన్న సాయంత్రం అవతలికి వెళ్ళి తిరిగి రాలేదని, ఆ సంగతి పరాయివాళ్ళకు చెప్పడం అతనికి ఇష్టం లేదని, లోపల మాత్రం ఎవరైనా తోడు వస్తే బాగుండునని ఉందని నిశ్చయించుకుంటే అదే ఘట్టం ఇలా మారుతుంది. అతడు పడవ తాడును రాటకు ఇంకో చుట్టు చుడుతూ, తలెత్తకుండా అంటాడు:

"పొద్దుగూకిందండి. ఇంక పడవ తియ్యనండి. తెల్లారగట్ల రండి."

ఆటగాడికి దొరికే దారులు నాలుగు. "రెట్టింపు ఇస్తాను, తాడు విప్పు" అనవచ్చు. "ఎవరూ లేని లంకలో ఆ దీపం ఎవరు పెట్టారు మామా?" అని అడగవచ్చు. "మీరు ఇక్కడే ఉండండి, పడవ నేనే తోసుకుపోతాను" అనవచ్చు. ఏమీ అనకుండా గట్టు మీద కూర్చోవచ్చు. డబ్బు చూపితే అతడు తీసుకుంటాడు, అవతల దింపుతాడు, కాని అక్కడ ఆగడు, దాంతో తిరుగు ప్రయాణం ఆటగాడి నెత్తిన పడుతుంది. దీపం సంగతి అడిగితే, అది దీపం కాదు, నీళ్ళలో చందమామ అని అబద్ధం చెబుతాడు. ఆ రాత్రి అమావాస్య అని గమనించిన ఆటగాడు ఆ అబద్ధాన్ని పట్టుకోవచ్చు, పట్టుకుని మర్యాదకు ఊరుకోనూవచ్చు. పడవ తానే తోసుకుపోతానంటే, నిన్న తమ్ముడు కూడా అదే మాట అన్నాడు కనుక, అతడు ఒక్కసారిగా తెడ్డు లాక్కుంటాడు. పక్కన ఊరికే కూర్చుంటే కాసేపటికి తనంతట తానే నోరు విప్పుతాడు. వరద, దీపాలు, లంక అన్నీ ఈ నాలుగు దారుల్లోనూ వస్తాయి. ఏ దారిలో వచ్చినా ఆటగాడు ఆ పెద్దాయనతో ఎలా మసలుకున్నాడన్న దాన్ని బట్టి వస్తాయి. మౌనం కూడా ఒక ఎంపికగా ఉండవచ్చన్నది చాలామంది రచయితలు వాడుకోని అవకాశం.

నాలుగు స్వరాలు, ఒకే ఉద్దేశం

ఎదుటి పాత్రను ఇలా బాగు చేసుకున్నాక మిగిలేది ఆటగాడి వైపు వాక్యాలు, నిజానికి ఎక్కువ హాని జరిగేది అక్కడే. మర్యాదగా ఒప్పుకోవడం, విసుక్కుంటూ ఒప్పుకోవడం, వేళాకోళంగా ఒప్పుకోవడం, మరో ప్రశ్న వేసి ఒప్పుకోవడం అన్న నాలుగు వాక్యాలు ఇచ్చి వాటిని నాలుగు ఎంపికలుగా చూపడం ఆర్‌పీజీలలో అతి మామూలు. అవి నాలుగు స్వరాలే తప్ప నాలుగు ఉద్దేశాలు కావు. ఆటగాడు ఒకటి రెండుసార్లు మోసపోతాడు, మూడోసారి చదవడం మానేస్తాడు, ఆ తర్వాత రచయిత ఎంత మంచి వాక్యం రాసినా అది అతని కంటబడదు.

బ్లాక్ ఐల్ స్టూడియోస్ 1999లో రూపొందించిన ప్లేన్‌స్కేప్: టార్మెంట్ ఈ విషయంలో నేటికీ పాఠ్యగ్రంథం లాంటిది. అందులో సుమారు 8 లక్షల పదాలున్నాయని చెబుతారు, కాని దాని గొప్పతనం ఆ రాశిలో లేదు. ఆ ఆటలో కొన్నిచోట్ల ఒకే వాక్యం రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదానికి ముందు నిజం అని, మరొకదానికి ముందు అబద్ధం అని గుర్తు ఉంటుంది. ఎదుటివాడికి వినిపించే మాటలు అవే, పలికినవాడి మనసు వేరు, ఆట ఆ మనసును గుర్తుపెట్టుకుని పాత్ర స్వభావాన్ని ఆ మేరకు మారుస్తుంది. అంతకన్నా అపురూపమైన సంగతి మరొకటి ఉంది. జ్ఞాపకం పోగొట్టుకున్న కథానాయకుడు తన పేరు అడాన్ అని కనిపించినవారందరికీ అబద్ధం చెబుతూ పోతే, నమ్మకం వాస్తవాన్ని మలచగల ఆ లోకంలో కొంత కాలానికి అడాన్ అనే మనిషి నిజంగానే ప్రత్యక్షమవుతాడు. ఆటగాడి మాట లోకాన్ని మార్చే చర్య అన్న భావానికి ఇంతకన్నా స్వచ్ఛమైన నిదర్శనం ఏ వీడియో గేమ్‌లోనైనా అరుదు.

ఫాలౌట్ ఆటలు పాత్ర సామర్థ్యాన్ని మాటలోకి తెచ్చాయి. ఆటగాడు తన పాత్రకు తెలివి మరీ తక్కువగా కేటాయిస్తే ఆ పాత్ర పూర్తి వాక్యాలు పలకలేదు, ఎదుటివారు దాన్ని వేరేగా చూస్తారు, కొన్ని పనులు అసలు అప్పగించరు. 1998లో వచ్చిన ఫాలౌట్ 2లో క్లామత్ అనే ఊళ్ళో పశువులు కాసే టోర్ అనే అమాయకుడున్నాడు. మామూలు తెలివిగల ఆటగాడికి అతని మాట అర్థం కావడం కష్టం. తెలివి తక్కువ పాత్రతో వెళ్ళినవారికి మాత్రం వారిద్దరి సంభాషణ ఇద్దరు పండితుల చర్చలా గంభీరంగా సాగుతుంది. చూడటానికి చమత్కారమే అయినా దీని వెనుక ఉన్నది లోతైన గౌరవం: ఆటగాడు తన పాత్రను ఎలా మలచుకున్నాడో రచయితలు పట్టించుకున్నారు, ఆ మలచడానికి జవాబు రాసి పెట్టారు.

పాత్రలకు నటుల గొంతు వచ్చాక పరిస్థితి మారింది. 2007లో బయోవేర్ సంస్థ మాస్ ఎఫెక్ట్‌తో డైలాగ్ వీల్, అంటే చక్రం ఆకారంలో అమర్చిన ఎంపికల పట్టికను తెచ్చింది. అందులో పూర్తి వాక్యం బదులు దాని సారాంశం రెండు మూడు పదాల్లో కనిపిస్తుంది, నొక్కాక నటుడు పూర్తి వాక్యం పలుకుతాడు. చదివిన వాక్యాన్నే మళ్ళీ వినవలసిన అవసరాన్ని ఇది తప్పించింది. అయితే సాధారణంగా పై కొమ్మ సజ్జనుడిది, కింది కొమ్మ కఠినుడిది అని స్థానాలు నిర్ణయమైపోవడంతో చదవకుండానే దిక్కును బట్టి నొక్కే అలవాటు పెరిగింది. అంతకు మించిన ప్రమాదం సారాంశానికీ పలికిన మాటకూ మధ్య ఉండే దూరం. ఆర్‌పీజీ కాకపోయినా, 2011 నాటి డిటెక్టివ్ గేమ్ ఎల్.ఏ. న్వార్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. అనుమానం అన్న ఎంపికను సున్నితమైన సందేహంగా భావించి నొక్కిన ఆటగాడికి, ఎదురుగా కూర్చున్న సాక్షి మీద డిటెక్టివ్ అరవడం వినిపించేది. 2017లో ఆ ఆటను మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ ఎంపికల పేర్లనే మార్చారు. 2015లో వచ్చిన ఫాలౌట్ 4 ఎంపికలను నాలుగు బటన్లకు, నాలుగు క్లుప్త సారాంశాలకు కట్టడి చేయడంతో, పూర్తి వాక్యాలు చూపించే మాడ్‌ను, అంటే ఆటను సవరించే అదనపు ప్రోగ్రామును, అభిమానులే తయారుచేసుకున్నారు. ఆ ఆటను చేసిన సంస్థ 2020లో ఫాలౌట్ 76కు చేర్చిన వేస్ట్‌లాండర్స్ భాగంలోనూ, 2023 నాటి స్టార్‌ఫీల్డ్‌లోనూ పూర్తి వాక్యాల జాబితాకే తిరిగి వచ్చింది. చక్రమే దోషి అనడం మాత్రం న్యాయం కాదు. 2011 నాటి డ్రాగన్ ఏజ్ 2 ఆటగాడు తరచుగా ఎంచుకునే ధోరణిని లెక్కపెట్టి, కథానాయకుడు తనంతట తాను పలికే వాక్యాలను కూడా ఆ ధోరణిలోనే పలికిస్తుంది. స్వరాలే ఇవ్వదలచుకుంటే వాటిని ఇలా గుర్తుపెట్టుకోవడం కనీస మర్యాద.

కాబట్టి ఎంపికలు రాసేటప్పుడు ప్రతి వాక్యం పక్కనా, ఆటగాడికి కనిపించని చోట, ఒక క్రియాపదం రాసుకోవడం మంచి సాధన: బతిమాలడం, బెదిరించడం, దాచడం, నమ్మించడం, తప్పించుకోవడం. రెండు వాక్యాల పక్కన ఒకే క్రియాపదం వస్తే వాటిలో ఒకటి తీసివేయాలి. కాదు అనే ఎంపిక ఇచ్చాక ఆ కాదు నిజంగా కాదు కావాలి. కథ దాన్ని భరించలేకపోతే ఆ ప్రశ్న అడగకూడదు, ఒప్పుకుంటావా అని కాకుండా ఎలా చేస్తావు అని అడగాలి. సహచర పాత్రల మెప్పును అంకెల్లో కొలిచే ఆటలలో మరింత జాగ్రత్త కావాలి. 2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో మాటతో పోగొట్టుకున్న మెప్పును కానుకలు ఇచ్చి తిరిగి సంపాదించుకోవచ్చు. ఆ ఆటలో సంభాషణ మంచిదే అయినా, మాట విలువను కానుక తీర్చగలిగినప్పుడు మాట జారిన బాధ ఎక్కువసేపు నిలవదు.

ఓటమికి కూడా వాక్యం కావాలి. ఒప్పించే నైపుణ్యం చాలని ఆటగాడికి 2010 నాటి ఫాలౌట్: న్యూ వేగాస్ అదే ఎంపికను తడబడే, తేలిపోయే వాక్యంగా చూపిస్తుంది, అంటే ఓడిపోబోతున్నానని తెలిసే అతడు ఆ మాట అనవచ్చు. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియమ్ ఇంకా ముందుకు వెళ్ళింది. అందులో కథానాయకుడి 24 నైపుణ్యాలు అతని బుర్రలోంచి విడివిడి గొంతులుగా మాట్లాడతాయి, ఒక్కోసారి తప్పుడు సలహా ఇస్తాయి. హోటల్ బాకీ ఎగ్గొట్టి వీరుడిలా పారిపోదామని చూసి పాచికలో ఓడితే, చక్రాల కుర్చీలో కూర్చున్న ఒక ముసలావిడ మీద పడిపోతాడు. ఆ ఓటమి గెలుపు కన్నా ఎక్కువ శ్రద్ధతో రాసినది, అందుకే ఆటగాళ్ళు పాత సేవ్‌కు, అంటే ముందు భద్రపరచుకున్న దశకు, వెనక్కి పోకుండా ఆ అవమానంతోనే ముందుకు సాగుతారు.

గొంతులు, పునరుక్తి

పాత్రలన్నీ ఒకే గొంతుతో మాట్లాడటం తరచుగా వినిపించే మరో ఫిర్యాదు. తెలుగు రచయితలకు ఇక్కడ దూరం పోనక్కర్లేదు. గురజాడ 1909లో తిరగరాసి ప్రచురించిన కన్యాశుల్కంలో పాత్రల పేర్లు చేత్తో మూసి చదివినా గిరీశం ఎవరో, మధురవాణి ఎవరో, అగ్నిహోత్రావధానులు ఎవరో తెలుస్తూనే ఉంటుంది. మాండలికం ఒక్కటే దానికి కారణం అనుకోవడం పొరపాటు. ఒకరు ప్రశ్నకు ప్రశ్నతో జవాబిస్తారు, ఒకరు మాట దాటవేసి ఉపన్యాసంలోకి దిగుతారు, ఒకరు కోపం తప్ప వేరే మార్గం ఎరుగరు. యాస అతికించడం కన్నా ఒత్తిడి వచ్చినప్పుడు ఆ మనిషి మాటతో ఏం చేస్తాడో నిర్ణయించుకోవడం ఎక్కువ ఫలం ఇస్తుంది. టోబీ ఫాక్స్ 2015లో చేసిన అండర్‌టేల్ అయితే సాన్స్, పపైరస్ అనే ఇద్దరు అన్నదమ్ములకు వేర్వేరు అక్షర రూపాలు ఇచ్చి, ఒకరి మాటను చిన్న అక్షరాల్లో, మరొకరి మాటను పెద్ద అక్షరాల్లో నడిపి, నటుల గొంతు లేకుండానే వారి స్వభావాలను వినిపించింది.

ఆటగాడు పక్కనుంచి నడిచి వెళ్ళినప్పుడు పాత్రలు విసిరే చిన్న వాక్యాలను ఈ వృత్తిలో బార్క్ అంటారు. 2011 నాటి స్కైరిమ్‌లో కాపలా భటులు మోకాలికి తగిలిన బాణం గురించి చెప్పే వాక్యం మొదటిసారి విన్నప్పుడు బాగానే ఉంటుంది. ఊరూరా, భటుడి తర్వాత భటుడు చెప్పడంతో అది ప్రపంచమంతటా హాస్యానికి సామగ్రి అయింది. విశేషమైన జీవిత వివరం ఉన్న వాక్యాన్ని ఒక్కరికే ఇవ్వాలి, పదే పదే వినిపించే వాక్యాన్ని వీలైనంత సాదాగా ఉంచాలి. 2020లో పూర్తయిన హేడీస్ ఈ చిక్కును మరో దారిలో పరిష్కరించింది: 20,000కు పైగా వాక్యాలు రాసి, కథానాయకుడు చనిపోయి ఇంటికి తిరిగి వచ్చిన ప్రతిసారీ ఎవరి చేతిలో చనిపోయాడో, ఎవరిని కలిశాడో చూసి తగిన వాక్యాన్ని ఎంచుతుంది. చిన్న బృందాలకు అంత రాయడం సాధ్యం కాదు. జరిగినదాన్ని ప్రస్తావించే పది వాక్యాలు మాత్రం ఎవరైనా రాయగలరు, అవి ఏమీ గుర్తులేని వంద వాక్యాల కన్నా ఎక్కువ పని చేస్తాయి.

తెలుగులో రాసేటప్పుడు

తెలుగులో ఆర్‌పీజీ రాసేవారికి, లేదా ఇతర భాషల ఆటను తెలుగులోకి తెచ్చేవారికి, భాష కొన్ని వరాలు ఇస్తుంది, కొన్ని చిక్కులు పెడుతుంది. ఆటగాడు ఆడో మగో తానే నిర్ణయించుకునే ఆటలో హిందీ, పోలిష్ వంటి భాషలు నేను వచ్చాను అన్న వాక్యానికే రెండు రూపాలు కోరతాయి. తెలుగులో వచ్చాను, వచ్చావు అన్న రూపాలకు లింగభేదం లేదు కనుక ముఖాముఖి సంభాషణకు ఒకే వాక్యం సరిపోతుంది. ఆటగాడి గురించి మూడో మనిషితో చెప్పేటప్పుడే వచ్చాడు, వచ్చింది, వచ్చారు అన్న తేడా వస్తుంది, అక్కడ మాత్రమే వేరు వాక్యాలు రాసుకోవాలి. పైన పడవ నడిపే పెద్దాయన నోట అండి అన్న మాట ఉండటం వల్ల ఆటగాడు ఎవరైనా ఆ వాక్యం చెల్లుతుంది.

నువ్వు, మీరు అన్న భేదాన్ని రచయితలు శ్రమగా భావిస్తారు గాని అది కథ చెప్పే పనిముట్టు. మొదట మీరు అని పిలిచిన సహచరుడు ఒక రాత్రి ప్రమాదం గడిచాక నువ్వు అంటే, ఆ బంధం గురించి మరో వాక్యం రాయనవసరం లేదు. కోపం వచ్చి తిరిగి మీరులోకి వెళ్ళినా అంతే. చిక్కు ఎక్కువగా పేరు దగ్గర వస్తుంది. ఆటగాడు టైపు చేసిన పేరుకు ప్రోగ్రాము గుడ్డిగా కి, ని వంటి విభక్తులు అతికిస్తే అనిల్‌కి అన్నది కుదురుతుంది, రాముడు అన్న పేరు మాత్రం రాముడికి కావలసింది రాముడుకి అవుతుంది. పేరును సంబోధనగా వాక్యం చివరకో మొదటికో తెచ్చి కామాతో వేరు చేయడం, లేదా పేరు బదులు కథలో దక్కిన బిరుదును వాడటం దీనికి సులభమైన మార్గం.

సాధన

ఈ పద్ధతులను అభ్యసించడానికి పెద్ద గేమ్ ఇంజిన్ అవసరం లేదు. క్రిస్ క్లైమస్ 2009లో తెచ్చిన ట్వైన్ అనే ఉచిత ఉపకరణంలో పెట్టెలు గీసి, వాటిని గీతలతో కలుపుతూ శాఖలున్న సంభాషణను ఒక పూటలో ఆడదగినట్లు తయారుచేయవచ్చు. ఇంకిల్ సంస్థ తన ఆటల కోసం తయారుచేసుకుని 2016లో అందరికీ ఉచితంగా విడుదల చేసిన ఇంక్, నైట్ ఇన్ ది వుడ్స్ ఆట కోసం పుట్టిన యార్న్ స్పిన్నర్ కొంచెం ప్రోగ్రామింగ్ తెలిసినవారికి మరింత సౌకర్యం ఇస్తాయి. రాసినదాన్ని మొదట పైకి చదవాలి; ఊపిరి తిప్పుకోకుండా పలకలేని వాక్యాన్ని నటుడు కూడా పలకలేడు. ఆ తర్వాత దాన్ని మూడు రకాల మనుషులుగా ఆడి చూడాలి: అన్నీ చదివే ఓపికగలవారిగా, త్వరగా పని కావాలనుకునేవారిగా, అందరితో తగువు పెట్టుకునేవారిగా. మూడో మనిషికి చెప్పదగిన మాట ఏదీ దొరకకపోతే ఎంపికలు ఇంకా పూర్తి కాలేదు.

చివరికి దాన్ని ఇతరుల చేతికి ఇచ్చి, వెనుక నిలబడి, ఏమీ వివరించకుండా చూడాలి. ఆడేవారు ఏ వాక్యం దగ్గర చదవకుండా బటన్ నొక్కారో గుర్తించి, ఆ వాక్యంలో ఆటకు అవసరమైన సమాచారం ఉంటే దాన్ని మరో పాత్ర దాచదలచుకున్న సంగతిగా మార్చి రాయాలి. అవసరం లేని లోక చరిత్ర అయితే సంభాషణలోంచి తీసి, వెతుక్కునే ఆటగాడికి దొరికేలా ఒక ఉత్తరంలోనో, గోడ మీద శాసనంలోనో, పాత ఇంటి పెట్టెలోని పుస్తకంలోనో ఉంచాలి.